మామయ్యగారు సంతకం పెట్టని బురుజు

నేను చెప్పే కథల్లో ముప్పాతిక వంతు నిజం ఉంటుందని మా ఆయన అందరికీ చెబుతుంటారు. మిగతా పావు వంతు ఎక్కడ దాక్కుందో పట్టుకోవడం మాత్రం పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన వల్ల కాలేదు. ఈసారి ఆయనకా శ్రమ లేదు. ఎక్కడెక్కడ అబద్ధమాడానో నేనే వేలుపెట్టి చూపిస్తాను. ఆ అబద్ధాలే లేకపోతే చెప్పుకోవడానికి ఇందులో ఏమీ లేదు.

ఎనభై ఒకటో సంవత్సరం అనుకుంటాను. మసాచుసెట్స్‌లో ఫాల్ రివర్ అనే మిల్లుల ఊరు. మా ఆయన అక్కడ బట్టలకి రంగులద్దే మిల్లులో కెమిస్టు. మా వీధిలో మేం తప్ప అందరూ పోర్చుగీసు వాళ్ళే. నడిసముద్రంలో ఉన్న ఏవో దీవుల నుంచి తాతల కాలం నుంచీ మిల్లు పనికి వస్తున్నవాళ్ళు. ప్రతి గుమ్మం పక్కనా గోడలో నీలిరంగు పింగాణీ పలకల మీద మేరీమాత, పెరట్లో ద్రాక్ష పందిరి, పందిరి పక్కన కొత్తిమీర మడి. ఆ రోజుల్లో అమెరికాలో కొత్తిమీర పండే వీధిలో ఇల్లు దొరకడమంటే మాటలా! అద్దెంతో కూడా అడక్కుండా దిగిపోయామని చెబుతుంటాను. అడిగాం లెండి.

మూడంతస్తుల చెక్క ఇంట్లో మాది మధ్య అంతస్తు. కింద ఇంటాయన ఉండేవాడు. డెబ్భై దాటిన తాపీమేస్త్రి, భార్య పోయి చాలా ఏళ్ళయింది. చేతులు రెండూ రెండు పారల్లా ఉండేవి. మేమాయన్ని మేస్త్రిగారూ అని పిలిచేవాళ్ళం. ఆ మాట మనకి వాళ్ళ దగ్గర్నుంచే వచ్చిందట, పిలిచిన మొదటిసారే పలికాడు. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళెవరైనా సరే, మొదటి ఆదివారం తన కారెక్కించుకుని అరగంట దూరంలో ఉన్న న్యూపోర్ట్‌కి తీసుకెళ్ళి అక్కడి రాతి బురుజు చూపించాల్సిందే. పార్కు మధ్యలో, ఇనపకంచె లోపల, ఎనిమిది గుండ్రటి స్తంభాలు, వాటి మీద కమానులు, ఆ పైన కప్పులేని గుండ్రటి గోడ. అదెవరు కట్టారో ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు. ఉత్తరదేశపు ఓడదొంగలని కొందరు, ఇంగ్లీషువాళ్ళ పాత గాలిమర అని కొందరు. మేస్త్రిగారికి మాత్రం సందేహమే లేదు.

"మా వాళ్ళు," అన్నాడు మాతో. ఆయన ఇంగ్లీషుని నేను తెలుగు చేసి రాస్తున్నాను. "ఇంగ్లీషువాళ్ళ కంటే ముందు ఓడ బద్దలై ఇక్కడ దిగారు. ఇంకో ఓడ వస్తుందేమోనని దీన్ని కట్టుకుని, పైకెక్కి చూస్తూ కూర్చున్నారు. రాలేదు. మిల్లులో మమ్మల్ని నిన్న దిగిన సరుకని వెక్కిరించేవాళ్ళు. మా నాన్న నన్నిక్కడికి తీసుకొచ్చి, చూడరా, అందరికంటే ముందొచ్చింది మనమే అన్నాడు."

అది చెప్పేటప్పుడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నేను కథలమ్ముకునే మనిషిని కాబట్టి, ఇంకొకరి కథ వాళ్ళకెంత అవసరమో చూడగానే తెలుస్తుంది.

ఆ ఏడు చలి మొదలవుతుండగా మా మామయ్యగారు వచ్చారు. అత్తయ్యగారు పోయి అప్పటికి ఏడాది. మామయ్యగారు కృష్ణా కాలవల మీద ఓవర్సీరుగా చేసి రిటైరయ్యారు. లాకులు, తూములు, వంతెనలు, పాతకాలపు సున్నం కట్టడాల మరమ్మతంతా ఆయన చేతి మీదే నడిచింది. తన చేత్తో టేపు పట్టి కొలవనిదే దేనికీ సంతకం పెట్టరు. ఆ ఒక్క గుణం వల్ల ఓవర్సీరుగా చేరి ఓవర్సీరుగానే దిగారు.

వచ్చిన దగ్గర్నుంచీ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేవారు. రెండు ముద్దలు తిని కంచం పక్కకి జరిపేవారు. డాక్టరుకి చూపిస్తే ఒంట్లో ఏమీ లేదన్నాడు. ఆ లేకపోవడమే మాకు భయం. నెల తిరక్కుండానే మెడచుట్టూ బిగిసిపోయే మఫ్లరు ఆయనకి వదులుగా వేలాడసాగింది. ఒకరోజు మా ఆయన్ని పిలిచి, "టిక్కెట్టు ముందుకి జరుపుతారేమో కనుక్కోరా," అన్నారు.

"అక్కడెవరున్నారు నాన్నా? ఎవరు చూస్తారు?"

"ఇక్కడ చూడ్డానికేముందిరా? అక్కడైనా ఇక్కడైనా నేను చేసే పనంటూ ఏముంది?"

మా ఆయన నాకేసి చూశారు. ఇలాంటప్పుడే నాకు నాలుక దురద పెడుతుంది.

మొదటి అబద్ధం మర్నాడు పొద్దున్న, కాఫీతో పాటు ఇచ్చాను. "మామయ్యగారూ, కింది మేస్త్రిగారు మీకోసం వారం నుంచీ అడుగుతున్నారు. ఇక్కడో పాత బురుజుందట. సున్నం సంగతి తెలిసినవాళ్ళు ఈ దేశంలో ఎవరూ మిగల్లేదట. మీచేత ఒకసారి చూపించి రిపోర్టు రాయించుకోవాలని ఆయన ఆశ. నేనే మొహమాటపడి మీకు చెప్పలేదు."

మామయ్యగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. "ఏం సున్నం?"

"ఏమో, నాకేం తెలుసు."

"వారం నుంచీ అడుగుతున్నాడా? మరి చెప్పవేమమ్మా!"

రెండో అబద్ధం పది నిమిషాల్లో మెట్లు దిగి వెళ్ళి మేస్త్రిగారికి చెప్పాను. ఇది కాస్త పెద్దది. మా మామయ్యగారు ఇండియాలో ఛీఫ్ ఇంజనీరనీ, మీ వాళ్ళు కట్టిన కోటలన్నీ ఆయనే మరమ్మతు చేయించారనీ, మీ బురుజు గురించి విన్న దగ్గర్నుంచీ ఆయనకి కాలు నిలవడం లేదనీ. పాపం మామయ్యగారు పోర్చుగీసు కోట మొహం ఎరగరు. ఆయన చూసిన విదేశీ కట్టడమల్లా భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు, అదీ బస్సు కిటికీలోంచి.

ఆ సాయంత్రం ఇద్దరినీ మేస్త్రిగారి వంటింట్లో కూర్చోబెట్టి మధ్యలో నేను కూర్చున్నాను. మామయ్యగారిది కాలవల ఇంగ్లీషు, ఆయనది మిల్లు ఇంగ్లీషు. ఒకరి మాట ఒకరికి అందదు. కాబట్టి దుబాసీని నేనే. మామయ్యగారు తెలుగులో, "ఈయన మరీ వాగుడుకాయలా ఉన్నాడమ్మా," అంటే నేను మేస్త్రిగారితో, "మీ మాటలు వింటుంటే పొద్దే తెలియడం లేదంటున్నారు," అనేదాన్ని. స్నేహాలు ఇలాగే నిలబడతాయి.

మేస్త్రిగారు రొట్టె కోసి, సీసాలోంచి ఎర్రటి ముద్ద తీసి రాసి ఇచ్చాడు. పండుమిరపకాయలు ఉప్పేసి నూరి ఊరబెట్టుకోవడం వాళ్ళకి ఏటేటా ఉన్న అలవాటు. మామయ్యగారు నాలిక్కి రాసుకుని, కళ్ళు మూసుకుని, తెరిచి, "అమ్మాయ్! ఇది కొరివికారం కదూ!" అన్నారు. సీసాతో సహా పైకొచ్చేశారు. ఆ పూట మూడుసార్లు అన్నం పెట్టించుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి గోడకేసి తిరిగి దణ్ణం పెట్టుకున్నాను. అది అబద్ధం కాదు.

ఆదివారం బురుజు దగ్గరికి వెళ్ళాం. మామయ్యగారు బూట్లు విప్పి, మేజోళ్ళతోనే గడ్డి మీద కంచె చుట్టూ కుడివైపుగా మూడుసార్లు నడిచారు. కొత్త కట్టడం దగ్గరికెళితే నాలుగువైపులా చూడందే దగ్గరికి పోకూడదని ఆయన పద్ధతి. బూట్లెందుకు విప్పారంటే, పాతదేదైనా అది గుడే ఆయనకి. కుక్కని తిప్పుకుంటున్న ఒకావిడ ఆగి, ఇది ప్రార్థనా అని అడిగింది. "మా దేశంలో ఇంజనీర్లందరూ ఇలాగే చేస్తారు," అన్నాను. మేస్త్రిగారు విని, మారుమాట లేకుండా బూట్లు విప్పి మామయ్యగారి వెనకాల నడిచాడు. మొక్కుబడికి వాళ్ళూ చెప్పుల్లేకుండా ఊరేగింపులో నడుస్తారట. ఇద్దరు ముసలివాళ్ళు, చలిలో, మేజోళ్ళతో, బురుజు చుట్టూ. నేను మళ్ళీ ఇంతమంచి దృశ్యం కల్పించలేను.

ఆ తరవాత ఆదివారాలన్నీ అక్కడే. కంచె దాటడానికి వీల్లేదు కనక నయాగరా కోసం కొన్న బైనాక్యులర్స్‌తో రాయి రాయీ, మధ్యమధ్య గుల్లముక్కలు మెరిసే సున్నమూ చూసేవారు. పక్క వీధిలో ఇంగ్లీషువాళ్ళు కట్టుకున్న ఓ పాత ఇంటి రాతి పొగగొట్టం కనిపిస్తే, ఇంటివాళ్ళని అడిగి దాన్ని గోటితో గీకి, వేలికంటినదాన్ని నాలిక్కి రాసుకున్నారు. సముద్రపు గుల్లలు కాల్చిన సున్నం, గుల్లసున్నం అన్నారు. ఇంటికొచ్చి తెల్లకాగితాల మీద కార్బన్ పెట్టి రాసుకునేవారు. మధ్యలో మంచు పడి వెళ్ళడానికి లేకపోతే ఇద్దరూ కింద స్టవ్వు దగ్గర కూర్చుని బొమ్మలు గీసుకునేవారు. మఫ్లరు మళ్ళీ బిగిసింది. టిక్కెట్టు మాటే లేదు.

వసంతకాలంలో మేస్త్రిగారు మెట్ల దగ్గర నన్ను ఆపి, "ఆదివారం మా వాళ్ళ హాల్లో మీటింగు పెట్టించాను. ఇంజనీరు వచ్చి చెబుతాడు. ఇన్నాళ్ళూ నేను చెబితే ముసలాడి మాటలన్నారు. ఇక అనరు," అన్నాడు. కొత్త టోపీ కూడా కొన్నాడు.

నేను సంబరంగా పైకెళ్ళి మామయ్యగారి రిపోర్టు చదివాను. ఆఖరి పేజీ దగ్గర ఆగిపోయాను.

"మామయ్యగారూ, ఇంగ్లీషువాళ్ళ కట్టడమని రాశారేమిటి!"

"వాళ్ళదే కదమ్మా. ఆ పొగగొట్టంలో ఉన్న సున్నమే ఇదీ. రాయి పేర్చిన చేతివాటమూ అదే. ఆ ఇల్లు కట్టినవాళ్ళే ఇదీ కట్టారు."

"మేస్త్రిగారి ప్రాణం పోతుంది."

"సున్నం గురించి ఎవరి ప్రాణాలూ పోవు."

"పోనీ, తెలియదని రాయండి."

"తెలిసింది కదమ్మా."

మా ఆయన కూడా వచ్చి కూర్చున్నారు. "నాన్నా, ఇట్స్ జస్ట్ ఎ క్లబ్ మీటింగ్. ఎవరూ వెరిఫై చెయ్యరు."

"ఎవరూ చెయ్యరు కాబట్టే నేను చెయ్యాలిరా."

"ఆయన మీకున్న ఒక్క స్నేహితుడు మామయ్యగారూ," అన్నాను. ఈ రిపోర్టు విన్నాక మేస్త్రిగారు మొహం చాటేస్తే, ఈయన మళ్ళీ ఆ కిటికీ దగ్గరికే. నాకది కళ్ళకి కట్టినట్టు కనబడుతోంది.

"స్నేహితుడు కాబట్టే," అని మామయ్యగారు కాగితాలు మడిచి పెట్టుకున్నారు.

ఆదివారం వచ్చింది. హాలు వాళ్ళ చర్చి పక్కనే. కొండవీధి మీద బూడిదరంగు రాతి చర్చి, ముందు ఎత్తయిన మెట్లు. ఇన్నాళ్ళూ దాని ముందు నుంచి వంద సార్లు పోయి ఉంటాం, చూడమని మేస్త్రిగారు మాకెప్పుడూ చెప్పలేదు. మీటింగుకి అరగంట ముందు మామయ్యగారు కనబడలేదు. వెతుక్కుంటూ వెళితే చర్చి పక్కగోడ దగ్గర టేపు పట్టుకుని వంగి ఉన్నారు. మెట్లు ఊడుస్తున్న ముసలావిడని చూపించి, "ఇదెవరు కట్టారో ఆవిణ్ణి అడుగు," అన్నారు.

ఆవిడ చీపురు ఆపి చెప్పింది. "మా నాన్నలే. మిల్లులో షిఫ్టు దిగి, వచ్చి రాళ్ళు మోసేవాళ్ళు. మేస్త్రి వాళ్ళ నాన్నే పెద్దపని చూసుకున్నాడు. మేస్త్రి అప్పుడు చిన్నవాడు, సున్నం కలిపేవాడు."

మామయ్యగారు తల ఊపి, రిపోర్టు వెనక పేజీ మీద ఏదో రాసుకున్నారు.

హాలు నిండిపోయింది. సగంమందికి ఇంగ్లీషు రాదు. కాబట్టి మామయ్యగారు తెలుగులో చెబితే నేను ఇంగ్లీషులో చెప్పాలి. దాన్ని మేస్త్రిగారు పోర్చుగీసులోకి మార్చి చెబుతాడు. మామయ్యగారు లేచి నిలబడగానే మేస్త్రిగారు పరిచయం చేశాడు. ఏం చెప్పాడో నాకు ముక్క తెలియకపోయినా, వేళ్ళు మడిచి లెక్కపెట్టే తీరు చూసి, నేనిచ్చిన కోటలన్నీ పేరుపేరునా వడ్డిస్తున్నాడని అర్థమైంది. చప్పట్లు కొట్టారు.

"ఏమన్నాడు?" అన్నారు మామయ్యగారు. దాచడానికి తోవ లేదు. చెప్పాను. ఆయన నాకేసి చూసిన చూపు ఇక్కడ రాయను.

"అమ్మాయ్, ఇప్పుడు నేను చెప్పేది ఉన్నదున్నట్టు చెప్పు. నీ మసాలా వెయ్యకు. నేను ఛీఫ్ ఇంజనీర్ని కాను. రిటైర్డ్ ఓవర్సీర్ని. పోర్చుగీసు కోట ఒక్కటి కూడా చూడలేదు. చెప్పు."

నా అబద్ధాన్ని నా నోటితోనే పీకేశాను. మేస్త్రిగారు నాకేసి చూసి, మామయ్యగారికేసి చూసి, మెల్లిగా పోర్చుగీసులో చెప్పాడు. ఎవరో నవ్వారు.

"బురుజు చూశాను. మంచి పని. కాని పోర్చుగీసు పని కాదు."

ఇక్కడ నా నాలుక నిజంగా వంకర తిరగబోయింది. 'ఇంకా పరిశీలించాలి' అంటే చాలు. హాల్లో తెలుగొచ్చిన మరో మనిషి లేడు. మా ఆయన పార్కింగులో ఉన్నారు. మామయ్యగారు మాత్రం నా మొహం మీంచి చూపు తిప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. నా జీవితంలో అంత కష్టపడి వేరే మాట చెప్పలేదు.

మేస్త్రిగారూ తన వాళ్ళతో ఏదైనా చెప్పుకోవచ్చు, మాకు తెలిసేది కాదు. కొత్త టోపీని రెండు చేతుల్లో తిప్పి, చిన్న వాక్యమొకటి చెప్పాడు. హాలంతా నిశ్శబ్దమైపోయింది. నిజమే చెప్పాడని దాన్నిబట్టి తెలిసింది.

"కాని," అన్నారు మామయ్యగారు, కాగితం వెనక్కి తిప్పి. "పక్కన చర్చి చూశాను. ఇది చేత్తో కొలిచాను. ముందు మెట్లకి ఒకదానికీ ఇంకోదానికీ ఎత్తులో నూలు పోగంత తేడా కూడా లేదు. మూలరాళ్ళు ఒకదాన్నొకటి కరుచుకున్న తీరు మా కాలవల మీద కూడా నేను చూడలేదు. మిల్లులో రోజంతా పనిచేసి వచ్చినవాళ్ళు కట్టారట. ఇది పోర్చుగీసు పని. దీనికి నేను సంతకం పెడతాను. ఫస్ట్ క్లాస్ వర్క్."

నేను చెప్పాను. మేస్త్రిగారు చెప్పాల్సింది తన తండ్రి పని గురించి. మొదలుపెట్టి, ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. ముందు వరసలో చీపురావిడ కళ్ళు తుడుచుకుంది. నేను ఇక చాలని కూర్చోబోయాను.

"ఉండమ్మా, అవలేదు. ఉత్తరం గోడ తప్ప. అక్కడ ఎవరో సున్నం మీద సిమెంటు కొట్టారు. లోపలి తడి బయటికి రాలేక రాళ్ళని తోస్తోంది. ఆ పని చేసినవాడికి పని తెలియదు."

అది విని ముసలివాళ్ళందరూ ఒక్కసారి గొల్లున నవ్వారు. మేస్త్రిగారి మొహం కందగడ్డ అయింది. టోపీ పెట్టుకుని, మమ్మల్ని దాటుకుంటూ వెళ్ళిపోయాడు.

మూడు రోజులు కింద తలుపు తెరుచుకోలేదు. మామయ్యగారు కిటికీ దగ్గర కూర్చున్నారు. కంచం పక్కకి జరిగింది. నిజం చెప్పినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఒక్క ముక్క మసాలా వేస్తే ఏం పోయేదని.

నాలుగో రోజు పొద్దున్న మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. మేస్త్రిగారు అంతకుముందు ఎప్పుడూ పైకి రాలేదు. గుమ్మంలో నిలబడి మామయ్యగారిని చూడకుండా నన్నడిగాడు.

"సిమెంటు మాట ఆయనదా, నువ్వు కల్పించావా?"

"ఆయనదే."

"ఆ సిమెంటు కొట్టింది నేనే. అప్పటి ఫాదర్ తొందరపెట్టాడు. అప్పుడే నాకు మనసొప్పలేదు. అది తప్పని ఇన్నేళ్ళలో ఒక్కడూ కనిపెట్టలేదు." టోపీ తీశాడు. "గోడ పడుతుందా?"

మామయ్యగారికి చెప్పాను. ఆయన లేచి మఫ్లరు చుట్టుకుంటూ, "సిమెంటంతా ఉలితో తీసి, సున్నం పెడితే మనందరికంటే ఎక్కువ కాలం నిలబడుతుందని చెప్పు. ఒక వేసవి పడుతుంది. గుల్లలెక్కడ దొరుకుతాయో అడుగు," అన్నారు.

వీసా పొడిగించమని మా ఆయన ఆ వారమే కాగితాలు పెట్టారు. ఆ దేశానికి నేను రుణపడ్డవి చాలా ఉన్నాయి గాని, ఆ చర్చి ఉత్తరం గోడకి పడ్డంత దేనికీ పడలేదు. అదెవరు పాడుచేశారో తెలుసు కాబట్టి ఆయనకీ, పాడైందని చూసినందుకు ఈయనకీ, ఇద్దరికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. బురుజెవరు కట్టారో, వాళ్ళకి కూడా.

ఆ నాలుగో రోజు పొద్దున్న నేను కోటు వేసుకుని వాళ్ళ వెనకాల బయల్దేరాను, దుబాసీ లేకపోతే ఎలాగని. వాళ్ళప్పటికే మెట్లు సగం దిగారు. మేస్త్రిగారు చేతుల్తో గోడ ఆకారం చూపిస్తున్నాడు, మామయ్యగారు గొడుగుతో గాలిలో గీతలు గీస్తున్నారు. మామయ్యగారు నా అడుగుల చప్పుడు విని తలెత్తి చూశారు.

"నువ్వెందుకమ్మా, ఇంట్లో పని చూసుకో," అన్నారు. "మాకు తెలుస్తోందిలే."